రెండు చుక్కలకు జాగా

నల్లగొండ:
రాతి మీద చెక్కించాల్సిన ఒక్క మాట దగ్గర ఆగిపోయాం. మిలిటరీ డాక్టరుగా సరిహద్దులో ప్రాణం పోగొట్టుకున్న మా పెద్దనాన్న కొడుకు పేరు మీద ఊరి బస్టాండు దగ్గర ఫౌంటెన్ కట్టిస్తున్నాం. చిమ్మేది కాదు, నాలుగు దిక్కులా నల్లాలున్న రాతి దిమ్మె. ఆర్మీ మెడికల్ కోర్ వాళ్ల మాట దాని మీద ఉండాలని పెద్దనాన్న పట్టు. 'సర్వే సంతు నిరామయా', అంటే అందరూ రోగాలు లేకుండా ఉండాలని. చివర రెండు చుక్కలు ఉన్నట్టు గుర్తు, లేనట్టూ గుర్తు. చెక్కే ఆయన అక్షరానికింత అని తీసుకుంటాడు. చుక్కలకూ లెక్కేనా అంటే నవ్వాడు.

నకిరేకల్:
ఉండాల్సిందే. సర్వే బహువచనం, సంతు బహువచనం, చివరిదొక్కటే ఏకవచనమా? విసర్గ తీస్తే స్త్రీలింగం అవుతుంది. 'నిరామయా నిరాలంబా' అని లలితా సహస్రనామంలో చదివేదే కదా. డాక్టరు గారి దిమ్మె మీద అమ్మవారి నామం పడుతుంది.

వనపర్తి:
పడితే మంచిదే కదా సార్. అయినా మన నోట్లో చివరి విసర్గ ఎన్నడు నిలిచింది? తపః తపస్సయింది, రామః రాముడయ్యాడు.

నకిరేకల్:
అది తత్సమాల సంగతి. ఇక్కడ వాక్యం వాక్యమే సంస్కృతం. అరువు తెచ్చిన బిందెను సొట్ట పెట్టి తిరిగిస్తామా? 'సుఖినః' అన్నప్పుడు ఎవరూ మింగరు, 'నిరామయాః' దగ్గరికొచ్చేసరికి అందరికీ ఊపిరి చాలదు.

దేవరకొండ:
చదివేవాళ్లను కూడా తలుచుకోండి. ఇదే మాట గోడ మీద చూసి మా నాయనమ్మ అడిగింది: "సర్వే అంటే భూమి సర్వే, సంతు అంటే పిల్లలు, మధ్యల ఈ రామయ్య ఎవడు బిడ్డా?"

మర్రిగూడ:
నవ్వొచ్చింది గానీ, మా దిక్కు నీళ్ల మీద 'నిరామయ' అని రాయడం చిన్న సంగతి కాదు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన ఊళ్లు మావి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ మాటలో ఉన్నది ఆయుర్వేదం వాళ్ల 'ఆమ'మే అని నా నమ్మకం. అరగనిది లేనివాడు నిరామయుడు.

నకిరేకల్:
వ్యుత్పత్తిని ఎక్కడంటే అక్కడ కోస్తే ఎలా? ఆమయం అంటే రోగం, అంతే.

మిర్యాలగూడ:
అసలు ఫౌంటెన్ అనడమెందుకు? చలివేంద్రం అనండి. అమరకోశంలో 'ప్రపా పానీయశాలికా' అని ఉండనే ఉంది. ఇక రాతి మీదికి సంస్కృతమే కావాలా? మాకు ఏరు దాటితే పలనాడే. అక్కడ దూపకు తాళలేక శ్రీనాథుడు శివుణ్నే నిలదీశాడంటారు కదా, 'తిరిపెమునకిద్దరాండ్రా' అని. అందులోంచి 'గంగ విడువు', రెండు మాటలు చాలు. నీళ్ల దగ్గర ఇంతకన్నా ఏం కావాలి?

గద్వాల:
విడువు కాదండీ, విడుము. మా పంతులుగారు అలాగే చదివించారు.

మిర్యాలగూడ:
మీ పంతులుగారికి నమస్కారం. నేను విన్నదంతా విడువే.

వనపర్తి:
రెండింటికీ మూడు లఘువులే, కాబట్టి కందం ఏదీ తేల్చదు. అసలు మాట 'విడువుము'. ఒకరు 'ము' మింగారు, ఇంకొకరు 'వు' మింగారు. విసర్గ మింగినందుకు నన్ను తప్పుపట్టారు!

గద్వాల:
'ము' ఉంటేనే ప్రార్థనలా ఉంటుంది. 'విడువు' అంటే గద్దించినట్టుంది.

మిర్యాలగూడ:
గద్దించాడనే కదా అది శ్రీనాథుడిదని నమ్ముతున్నాం! శివుడి ముందు కూడా వంగని గొంతు.

నల్లగొండ:
అయ్యా, ఆ పద్యం వద్దు. దాని తర్వాతి మాట 'పార్వతి చాలున్'. రోజూ ఆ దారినే మా వదిన బడికి పోతుంది.

మిర్యాలగూడ:
అది తట్టలేదు. క్షమించండి.

నల్లగొండ:
ఇప్పుడే చెక్కే ఆయన ఫోన్ చేశాడు. 'నిరామయా' దాకా అయిపోయిందట. పక్కన బెత్తెడు జాగా వదిలాడు. సోమవారం లోపు చెబితే చుక్కలు పెడతాడు, లేకుంటే అక్కడ పువ్వు చెక్కుతాడట.

నకిరేకల్:
పువ్వు వద్దు. చుక్కలు.

వనపర్తి:
పువ్వే బాగుంటుంది. ఇంతకీ 'విడుము' ఏ పుస్తకంలో ఉందో గద్వాల వారు చెప్పనే లేదు.