ఆషాఢం తగ్గింపు: బోర్డు మీద పాత ధర కూడా రాయాలా?

కొనుగోలుదారు, విజయవాడ: వైశాఖంలో పెళ్లికి కొన్న పెట్టుబడి చీరలకే ఆషాఢంలో 30 శాతం తగ్గింపు బోర్డు కనిపించింది. ప్యాక్ చేసిన సరుకును ముద్రించిన గరిష్ఠ ధరకు మించి అమ్మకూడదు, నిజమే. కానీ మందుల వంటి కొన్నిటికి తప్ప ఆ ధర ఎంత వేయాలన్నది తయారుచేసేవాళ్ల ఇష్టం. మరి తగ్గింపు దేని మీద? యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి తగ్గింపు ప్రకటించే దుకాణం, అంతకుముందు 30 రోజుల్లో తాను పెట్టిన అతి తక్కువ ధరను చూపించి తీరాలి. ఆ నియమం మనకూ కావాలి.

వస్త్ర వ్యాపారి, గుంటూరు: మోసమని తేల్చేయకండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, బేరాలుండవు. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే పాతది కదలాలి, అందుకు ఒక్కోసారి అసలుకే అమ్ముతాం. ఏడాదంతా ఒకే ధర పెడితే జనం రారు. అమెరికాలో జేసీ పెన్నీ అనే దుకాణాల సంస్థ 2012లో కూపన్లు, సేల్స్ ఎత్తేసి చూసింది. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో సీఈఓ రాన్ జాన్సన్ పదవి పోయింది, తగ్గింపులు తిరిగొచ్చాయి.

అకౌంటెంట్, వరంగల్: పాత సరుకు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆషాఢం తగ్గింపు ఊరంతటికీ ముందే తెలుసు. ఆగగలిగినవాళ్లు ఆగుతారు, అది తెలిసిన దుకాణం చైత్రంలోనే ధర పెంచి వేస్తుంది. లెక్క చూడండి. చీరకు సగటున 1,300 రూపాయలు రావాలనుకుందాం. సగం మంది ఆగి 30 శాతం తగ్గింపుకు కొంటే, చీటీ మీద సుమారు 1,530 వేయాలి. ఆగినవారికి 1,071 పడుతుంది. ముప్పావు వంతు మంది ఆగితే చీటీ ధర దాదాపు 1,677, తగ్గింపు ధర 1,174. అందరూ ఆగితే చీటీ 1,857కు చేరుతుంది, అందరూ కట్టేది మళ్లీ 1,300! ఆగేవాళ్లు పెరిగేకొద్దీ ఆగినందుకు దక్కే లాభం కరిగిపోతుంది, ఆగలేనివారి మీద మాత్రం భారం పెరుగుతూనే ఉంటుంది.

మన్నికైన వస్తువు విషయంలో కొనేవాళ్లు ఓపిక పడితే గుత్తాధిపతి కూడా ఎక్కువ ధర నిలుపుకోలేడని 1972లో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ వాదించారు. పెళ్లివారికి ఆ ఓపిక ఎక్కడిది? ముహూర్తం ఆగదు. అందుకే నా ఓటు నియమానికే.

వస్త్ర వ్యాపారి, గుంటూరు: మీ లెక్కలో తప్పు లేదండీ. కానీ జ్యేష్ఠమంతా ధర పెంచి ఉంచితే ఆ 30 రోజుల నియమం ఏం పట్టుకుంటుంది?

కొనుగోలుదారు, విజయవాడ: అలా అయితే గడువు 90 రోజులు చేయమందాం. జ్యేష్ఠానికి ముందటి ధర కూడా అందులోకి వస్తుంది. జీఎస్టీ బిల్లులు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి కదండీ.