బాండింగ్ ఎక్కడ కట్టాలి: వీఎం లోపలా, హోస్ట్ మీదా?

రాత్రిషిఫ్ట్:
నిన్న ఫెయిలోవర్ టెస్ట్‌లో (ఒక లింక్ పడితే రెండోది అందుకుంటుందో లేదో చూసే పరీక్ష) పరువు పోయింది. మా కేవీఎం హోస్ట్‌కి (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే లైనక్స్ సర్వర్) రెండు పోర్టులు, ఒక్కో పోర్టుకి ఒక్కో బ్రిడ్జి (సాఫ్ట్‌వేర్ స్విచ్). ఒక్కో బ్రిడ్జి నుంచి ఒక్కో వర్ట్‌ఐఓ కార్డు (వర్చువల్ నెట్‌వర్క్ కార్డు) తీసుకుని, వీఎం లోపల యాక్టివ్-బ్యాకప్ బాండ్ కట్టాను, అంటే రెండు కార్డుల్ని ఒకటిగా కలిపి, ఒకటి పడితే రెండోది అందుకునేలా. ఎంఐఐమాన్ (లింక్ ఉందో లేదో ఎన్ని మిల్లీసెకన్లకోసారి చూడాలో చెప్పే సెట్టింగ్) 100. మొదటి పోర్టు కేబుల్ పీకించాను. పింగ్ ఆగింది, మళ్లీ రాలేదు. బాండ్ స్టేటస్ చూస్తే రెండు కార్డులూ ‘అప్’, లింక్ ఫెయిల్యూర్ కౌంట్ సున్నా! అసలు లోపల కట్టడమే తప్పని మా టీమ్‌లో సగం మంది వాదన. నిజమేనా?

పాతకాపు:
నిజమే. వర్ట్‌ఐఓ కార్డుకి కనిపించే లింక్ హోస్ట్‌లోని ట్యాప్ (ఆ కార్డుకి హోస్ట్ వైపు కొస) వరకే. బయట కేబుల్ ఊడినా ట్యాప్‌కి చలనం ఉండదు, లోపలికి కబురు అందదు. బాండ్ హోస్ట్‌లో కట్టి, దాని మీద ఒకే బ్రిడ్జి పెట్టి, వీఎంకి ఒకే కార్డు ఇవ్వండి. యాభై వీఎంలుంటే యాభై చోట్ల బాండ్లు కడుతూ కూర్చుంటారా?

తీగలపని:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి పాతకాపు గారూ. ఎస్ఆర్-ఐఓవీ (ఒక అసలు కార్డుని చాలా వర్చువల్ కార్డులుగా పంచే పద్ధతి) ఉన్నచోట వీఎఫ్, అంటే అలా పంచిన ఒక కార్డు, నేరుగా వీఎంలోకి వెళ్తుంది, హోస్ట్ బ్రిడ్జితో దానికి పనే లేదు. అక్కడ రెండు పోర్టుల నుంచి రెండు వీఎఫ్‌లు తెచ్చి లోపలే కట్టుకోవాలి. వీఎఫ్ లింక్ స్టేట్ ‘ఆటో’లో ఉంటే పోర్టు పడగానే లోపల తెలుస్తుంది. మా దగ్గర ఎవరో మహానుభావుడు ‘ఎనేబుల్’ (పోర్టు పడినా లింక్ ఉన్నట్టే చూపుతుంది) పెట్టి పోయాడు, అచ్చం మీ కథే నడిచింది. మ్యాక్ (కార్డు హార్డ్‌వేర్ అడ్రస్) సంగతీ చూసుకోండి. బాండ్ రెండు కార్డులకీ ఒకే మ్యాక్ పెట్టబోతుంది, ట్రస్ట్ (మ్యాక్ మార్చుకునే అనుమతి) ఇవ్వని వీఎఫ్‌కి హోస్ట్ ఒప్పుకోకపోవచ్చు. ఫెయిలోవర్ మ్యాక్ ఆప్షన్ ‘యాక్టివ్’ చేస్తే, పనిచేస్తున్న కార్డు మ్యాక్‌నే బాండ్ వాడుకుంటుంది, ఆ గొడవ ఉండదు.

రాత్రిషిఫ్ట్:
హోస్ట్ వేరే టీమ్ చేతిలో ఉంది, నేను ముట్టుకోలేను. లోపలే ఎల్ఏసీపీ (స్విచ్‌తో మాట్లాడుకుని లింకులు కలిపే పద్ధతి) పెట్టి చూశాను, పార్ట్‌నర్ మ్యాక్ (అవతలి స్విచ్ అడ్రస్) మొత్తం సున్నాలే.

పాతకాపు:
సున్నాలే వస్తాయి. ఎల్ఏసీపీ ఫ్రేములను లైనక్స్ బ్రిడ్జి అవతలికి పంపదు, స్విచ్‌కి మీరున్నట్టే తెలియదు. గత్యంతరం లేకపోతే ఎంఐఐమాన్ తీసేసి ఏఆర్‌పీ మానిటరింగ్ (ఓ అడ్రస్‌కి ఏఆర్‌పీ ప్రశ్నలు పంపి, జవాబు వస్తేనే లింక్ ఉన్నట్టు లెక్కించడం) పెట్టండి. ఇంటర్వల్ 1000 మిల్లీసెకన్లు, టార్గెట్ గేట్‌వే. ఇంకో టార్గెట్ కూడా ఇవ్వండి, లేకపోతే గేట్‌వే రీబూట్ అయినప్పుడు కార్డులే చచ్చాయనుకుంటుంది. నా దృష్టిలో ఇది అతుకు మాత్రమే.

తీగలపని:
ఏఆర్‌పీ వ్యాలిడేట్ (తన తనిఖీకి సంబంధించిన ఏఆర్‌పీనే లెక్కలోకి తీసుకునే సెట్టింగ్) ‘ఆల్’ పెట్టడం మర్చిపోవద్దు. అదే బ్రిడ్జి మీద పక్క వీఎంలు ఏఆర్‌పీ అరుస్తుంటే, ఆ చప్పుడుకే లింక్ బతికుందని బాండ్ మోసపోతుంది. నేనొకసారి రాత్రంతా దీనికే బలయ్యాను.

రాత్రిషిఫ్ట్:
పెట్టాను. ఈసారి మూడు పింగులు పోయి నాలుగోది వచ్చింది. అయితే కేబుల్ పీకిన అబ్బాయి ఇప్పుడే ఫోన్ చేశాడు, రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి వెళ్తున్నాయట, ఆ స్విచ్ పోతే రెండూ పోయినట్టే. హోస్ట్ టీమ్‌కి టికెట్ రాస్తున్నా.