బోర్డు మీది డయల్-అప్ మోడెమ్‌కు ఏటీ కమాండ్లు: డయల్ చేసిన వెంటనే "నో క్యారియర్" వస్తోంది

పటాన్‌చెరు_ట్యాంకు:
అందరికీ నమస్కారం. పటాన్‌చెరులోని ఒక కర్మాగారంలో నీటి మట్టాన్ని గంటకొకసారి నమోదు చేసి ఆఫీసుకు పంపే చిన్న బోర్డు నా బాధ్యతలో ఉంది. అది ఉన్న భూగర్భ గదిలో సెల్ సిగ్నల్ అందదు కనుక ల్యాండ్‌లైన్‌నే వాడుతున్నాము. మైక్రోకంట్రోలర్ తన సీరియల్ పోర్టు ద్వారా, బోర్డు మీదే ఉన్న సింగిల్-చిప్ మోడెమ్‌కు (డేటాను ఫోన్ లైనులో వెళ్లే స్వరాలుగా మార్చే చిప్‌కు) ఏటీతో మొదలయ్యే కమాండ్లు పంపుతుంది. ఏటీ అని పంపితే ఓకే వస్తోంది. కానీ డయల్ చేయమనే ఏటీడీటీ పక్కన నంబరు చేర్చి పంపితే, ఒక్క అంకె కూడా డయల్ కాకముందే నో క్యారియర్ (అవతలి మోడెమ్‌తో కలవలేదు) అని వస్తోంది. విచిత్రమేమిటంటే, అదే మోడెమ్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి టెర్మినల్‌లో చేత్తో టైపు చేస్తే కాల్ చక్కగా వెళ్తోంది. రెండు రోజులుగా టంకం అతుకులే చూస్తున్నాను.

కోఠి_సోల్డర్:
అతుకులను వదిలేయండి. చేత్తో కొడితే పని చేసి, ప్రోగ్రాం పంపితే చేయడం లేదంటే హార్డ్‌వేర్ బాగానే ఉన్నట్టు. డయల్ మొదలైనప్పటి నుంచి కనెక్ట్ వచ్చేవరకు సీరియల్ పోర్టులో ఏ అక్షరం అందినా, "ఈ కాల్ ఇక వద్దు" అని అర్థం చేసుకుని మోడెమ్ లైను పెట్టేస్తుంది. కమాండ్‌కు ముగింపు 13వ కోడు, అంటే క్యారేజ్ రిటర్న్ ఒక్కటే. దాని వెనుక 10వ కోడు లైన్‌ఫీడ్ కూడా పంపే అలవాటు చాలామందికి ఉంది కనుక, ఏటీ కమాండ్ల వీ.250 ప్రమాణం మొదటి 125 మిల్లీసెకన్లలో వచ్చే అక్షరాలను పట్టించుకోవద్దని చెబుతుంది. ఆ గడువు దాటాక మీ ప్రోగ్రాం ఇంకేమైనా పంపుతోందేమో చూడండి.

పటాన్‌చెరు_ట్యాంకు:
దొరికిందండీ. లాజిక్ అనలైజర్‌ను ట్రాన్స్‌మిట్ పిన్‌కు తగిలించి చూస్తే, డయల్ కమాండ్ వెళ్లిన అరసెకనుకు మళ్లీ ఏటీ అన్న రెండక్షరాలు స్పష్టంగా కనిపించాయి. మోడెమ్ బతికే ఉందా అని అరసెకనుకొకసారి పలకరించే ఫంక్షన్‌ను నేనే ఎప్పుడో రాసి మరచిపోయాను. దానిని ఆపగానే కాల్ వెళ్లింది. అయితే ఇప్పుడు కొన్నిసార్లు నో డయల్‌టోన్ వస్తోంది. లైను కర్మాగారపు ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్‌లను బయటి లైనుకు కలిపే సొంత ఎక్స్‌ఛేంజి) గుండా బయటకు వెళ్తుంది.

పాతలైను_సికింద్రాబాద్:
ఈ చిప్‌లు చాలావరకు అమెరికా సెట్టింగుతో వస్తాయి. అక్కడి డయల్‌టోన్‌లో 350, 440 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి ఉంటాయి. మనది 400 హెర్ట్జ్ స్వరం. మీ చిప్‌కు ఆ కమాండ్ ఉంటే ఏటీ+జీసీఐ=53 అని పంపి దేశాన్ని భారత్‌గా మార్చండి; ఆ 53 హెక్సాడెసిమల్ సంఖ్య. ఈపీఏబీఎక్స్ లోపలి టోన్ ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది కనుక అంతటితో తీరకపోతే ఏటీఎక్స్3 పెట్టండి. అప్పుడు మోడెమ్ డయల్‌టోన్ కోసం చూడకుండా ఎస్6 రిజిస్టరులో (మోడెమ్ తన సెట్టింగును దాచుకునే చోట) ఉన్నన్ని సెకన్లు ఆగి డయల్ చేస్తుంది, బిజీ టోన్‌ను మాత్రం గుర్తిస్తూనే ఉంటుంది. బయటి లైనుకు సున్నా నొక్కాలంటే సున్నా తరువాత కామా పెట్టండి. ఎస్8 రిజిస్టరును మార్చకపోతే ఆ కామా రెండు సెకన్లు ఆగుతుంది. ఎక్స్3తో ఒక చిక్కుంది: అదే లైనులో సమాంతరంగా ఉన్న ఫోన్‌లో ఎవరైనా మాట్లాడుతుంటే మోడెమ్ వారి చెవిలోనే అంకెలు నొక్కేస్తుంది. మా గోడౌన్ కాపలాదారు ఈ విషయమై నాతో వారం రోజులు మాట్లాడలేదు.

చర్లపల్లి_లాగర్:
డయల్ కుదిరింది కనుక, తరువాత మీరు తప్పక పడబోయే గుంత గురించి చెబుతాను. డేటా పంపాక మోడెమ్‌ను తిరిగి కమాండ్ స్థితికి తేవడానికి మూడు ప్లస్ గుర్తులు పంపాలి. వాటికి ముందూ వెనుకా మౌనం ఉండాలి. ఆ మౌనం ఎంతసేపో ఎస్12 రిజిస్టరు నిర్ణయిస్తుంది. దాని ప్రమాణం సెకనులో యాభయ్యో వంతు కనుక, సాధారణంగా ఉండే 50 విలువకు ఒక సెకను అవుతుంది. నేను చేసిన తప్పు, అన్ని కమాండ్లకూ వాడే ఫంక్షన్‌తోనే ప్లస్‌లను కూడా పంపడం. అది చివర క్యారేజ్ రిటర్న్ చేర్చడంతో మౌనం చెడింది, ప్లస్‌లు డేటాగా అవతలి కంప్యూటరుకు వెళ్లిపోయాయి, నేను ఓకే కోసం రాత్రంతా ఎదురు చూశాను.

ఆ మౌనం వెనుక ఒక కథ ఉంది. 1981లో హేయిస్ సంస్థ తెచ్చిన స్మార్ట్‌మోడెమ్‌తో ఈ ఏటీ కమాండ్లు మొదలయ్యాయి. మౌనంతో కూడిన ఈ పద్ధతికి ఆ సంస్థ సహవ్యవస్థాపకుడు డేల్ హెదరింగ్టన్ పేరిట 1985లో అమెరికా పేటెంటు వచ్చింది. రుసుము చెల్లించడం ఇష్టం లేని కొందరు తయారీదారులు మౌనం అవసరం లేని పద్ధతిని పెట్టారు. దానితో డేటా మధ్యలో మూడు ప్లస్‌లు, వాటి వెంట లైను పెట్టేయమనే ఏటీహెచ్, చివర క్యారేజ్ రిటర్న్ వస్తే చాలు, మోడెమ్ లైను కట్ చేసేది. 1990లలో ఇతరుల ఇంటర్నెట్ తెంచడానికి ఆకతాయిలు పింగ్ ప్యాకెట్లలో (అందుకున్న కంప్యూటరు అదే డేటాను తిప్పి పంపే ప్యాకెట్లు) ఇదే పంపేవారు. మీ చిప్ ఏ రకమో డేటాషీటులో చూసుకోండి.

కోఠి_సోల్డర్:
వీలైతే ప్లస్‌ల జోలికే పోవద్దని నా సలహా. ఏటీ&డీ2 పెట్టి డీటీఆర్ పిన్‌ను (మన వైపు సిద్ధమని మోడెమ్‌కు చెప్పే తీగను) వదిలితే మోడెమ్ లైను పెట్టేసి కమాండ్ స్థితికి వస్తుంది.

పటాన్‌చెరు_ట్యాంకు:
డీటీఆర్ పిన్‌ను మా బోర్డులో కలపనే లేదు, కాబట్టి ప్లస్‌లే గతి. జవాబులను సులువుగా చదవడానికి ఏటీవీ0 పెట్టి అంకెలుగా తీసుకుంటున్నాను. ఇది మంచిదేనా?

పాతలైను_సికింద్రాబాద్:
నాకైతే నచ్చదు. కనెక్ట్‌కు 1, నో క్యారియర్‌కు 3 అని చూసి ఒక్క అంకెతో సరిపెట్టుకుంటారు; కానీ సెకనుకు 2400 బిట్ల వేగంతో కలిస్తే వచ్చే జవాబు 10. మొదటి అంకె చూసి కనెక్ట్ అనుకుంటే, మిగిలిన సున్నా మీ డేటాలో చేరుతుంది. క్యారేజ్ రిటర్న్ వచ్చేవరకు చదివి, ఆ తరువాతే పోల్చండి. అక్షరాల జవాబులైతే తప్పు జరిగినప్పుడు కంటితోనే చదవవచ్చు. ఏటీఈ0తో ఎకోను ఆపడం మాత్రం మరువకండి, లేకపోతే మీ కమాండ్‌నే జవాబుగా చదువుకుంటారు.

చర్లపల్లి_లాగర్:
వేగం మాట వచ్చింది కనుక ఒకటి. మా లైనును ఈమధ్య రాగి తీగ నుంచి ఫైబర్ పెట్టెకు మార్చారు. ఆ రోజు నుంచి 33,600 వేగపు వీ.34 కాల్‌లు మధ్యలో తెగిపోయాయి. మాటను కుదించి పంపే జీ.729 కోడెక్‌లో మోడెమ్ స్వరాలు బతకవు, అంతగా కుదించని జీ.711 కావాలి. ఏటీ+ఎంఎస్ కమాండ్‌తో వేగాన్ని 2400 బిట్ల పాత పద్ధతి వీ.22బిస్‌కు కట్టడి చేశాక మా కాల్‌లు నిలబడ్డాయి. నీటి మట్టం నలభై బైట్లే కదా, వీ.34 మోడెమ్‌లు పరస్పరం బేరమాడుకునే సమయంలోనే మీ పని ముగిసిపోతుంది.

పటాన్‌చెరు_ట్యాంకు:
దేశం, ఎక్స్3, 2400 మూడూ పెట్టాను, జవాబులను మళ్లీ అక్షరాలకు మార్చాను. నిన్న సాయంత్రం నుంచి ప్రతి గంటా కాల్ వెళ్లింది. తెల్లవారుజామున 3 గంటల కాల్ మాత్రం బిజీ వల్ల రెండో ప్రయత్నంలో కలిసింది. మాకూ వచ్చే నెల ఫైబర్ పెట్టె వస్తుందట. అది వచ్చాక కాల్‌లు తెగితే ఇక్కడే రాస్తాను.