వ్యాన్ స్లైడింగ్ డోర్ లాచ్ రీకాల్: పార్ట్ వచ్చేదాకా ఆగాలా, సొంత డబ్బుతో మార్పించెయ్యాలా?

ఫ్రిస్కో నాన్న
అందరికీ నమస్కారం. పోయిన నెల మా వ్యాన్‌కి కంపెనీ నుంచి రీకాల్ ఉత్తరం వచ్చింది, అంటే లోపం ఉన్న బళ్ళని వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేస్తామని. కుడివైపు స్లైడింగ్ డోర్ వెనక లాచ్ (తలుపుని మూసి పట్టి ఉంచే గొళ్ళెం) సరిగ్గా పట్టకపోవచ్చు, బండి నడుస్తుండగా తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంది అని రాశారు. ఉత్తరం రాకముందే మాకు అనుమానం ఉంది. ఎండలు ముదిరినప్పటి నుంచి తలుపు మూసినా డాష్‌బోర్డులో తలుపు తెరిచి ఉన్న బొమ్మ ఒక్కోసారి ఆరదు, రెండుమూడు సార్లు గట్టిగా లాగి వేస్తే ఆరుతుంది.

డీలర్‌కి ఫోన్ చేస్తే పార్టులు రాలేదు, ఎనిమిది వారాలు పట్టొచ్చు, వచ్చాక మేమే పిలుస్తాం అన్నారు. మా చిన్నోడికి మూడేళ్ళు, వాడి కార్ సీటు ఆ తలుపు పక్కనే. రోజూ డేకేర్‌కి హైవే మీదే వెళ్ళాలి. ఇంటి దగ్గర మెకానిక్ ఒకాయన బయట దొరికే లాచ్ తెచ్చి 380 డాలర్లకు వేస్తానన్నాడు. మా ఆవిడ ఇవాళే వేయించమంటోంది. మా బావమరిది మాత్రం కంపెనీ తప్పుకి మనమెందుకు కట్టాలి, ఆగు అంటున్నాడు. నాకైతే కట్టెయ్యాలనే ఉంది, పిల్లాడి కన్నా 380 ఎక్కువా? తప్పని ఎవరికైనా అనిపిస్తే కారణం చెప్పండి.

ఆటోనగర్ నుంచి హ్యూస్టన్
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్ళు చేశాను, ఇప్పుడు ఇక్కడ షాపులో చేస్తున్నాను. ఆ 380 పెట్టొద్దు. డబ్బు మిగులుతుందని కాదు చెప్పేది. ఆ మెకానిక్ తెచ్చే లాచ్ ఎక్కడిదో అడిగావా? యార్డులో పాత బండి నుంచి విప్పిందైతే నీ తలుపులో ఉన్న లోపమే దాంట్లోనూ ఉండొచ్చు. కొత్తదే అన్నా, లోపం సరిచెయ్యకముందు తయారైన స్టాక్ కావచ్చు. డబ్బు కట్టి అదే జబ్బు మళ్ళీ తెచ్చుకున్నట్టు. పైగా బయట వేయిస్తే కంపెనీ రికార్డులో నీ విన్ నంబర్ (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) మీద రీకాల్ అలాగే మిగిలిపోతుంది.

లాచ్ అంటే పెద్ద యంత్రమేం కాదు. బండి బాడీకి ఇనుప కొక్కెం ఉంటుంది. తలుపులో ఉన్న పంగలాంటి ముక్క తిరిగి దాన్ని పట్టుకుంటుంది. ఆ పంగ వెనక్కి తిరగకుండా ఇంకో చిన్న ముక్క అడ్డం పడుతుంది, ఆ అడ్డు ముక్కని దాని చోట నిలబెట్టేది ఓ సన్నటి స్ప్రింగ్. ఫోర్డ్ వాళ్ళ బళ్ళలో జరిగింది ఇదే. ఆ స్ప్రింగ్‌ని పట్టి ఉంచే చిన్న కొస విరిగిపోయేది. తలుపు మూస్తే పట్టదు, లేదా పట్టినట్టే పట్టి దారిలో వదిలేస్తుంది. 2016 ఆగస్టులో టెక్సస్, ఆరిజోనా లాంటి వేడి ఎక్కువ ఉండే 16 రాష్ట్రాల బళ్ళనే పిలిచారు. మరుసటి నెలకే అది దేశమంతా పాకి దాదాపు 24 లక్షల బళ్ళయింది. ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్ కూడా అందులో ఉంది.

నువ్వే ఒక పరీక్ష చేసుకో. తలుపు తెరిచి ఉంచి, అంచులో కనిపించే ఆ పంగని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లోపలికి తిప్పు. టక్, టక్ అని రెండు సార్లు వినపడాలి. మొదటిది సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. రెండోది పడ్డాక స్క్రూడ్రైవర్ తీసేసి వేలితో వెనక్కి నెట్టి చూడు, కదలకూడదు. కదిలితే ఆ తలుపు పక్కన ఎవరినీ కూర్చోబెట్టకు. అయ్యాక హ్యాండిల్ లాగి పంగని మళ్ళీ తెరిచాకే తలుపు వెయ్యి, మర్చిపోతే లాచ్ కొక్కేనికి గుద్దుకుని ఉన్నది కూడా పాడవుతుంది.

బే ఏరియా
ఇంత టెన్షన్ అవసరం లేదని నా అభిప్రాయం. లక్షల బళ్ళు పిలుస్తారు, వాటిలో నిజంగా తలుపు తెరుచుకునేవి ఎన్ని? చైల్డ్ లాక్ వేసి ఉంచండి, పవర్ డోర్ స్విచ్ ఆపెయ్యండి, పిల్లాడి సీటు ఎడమవైపుకి మార్చండి, బెల్టు సరిగ్గా ఉంటే తలుపు తెరుచుకున్నా వాడు కింద పడడు. ఎనిమిది వారాలు ఇట్టే గడిచిపోతాయి. 380 పెట్టడమూ వద్దు, బండి మూల పెట్టడమూ వద్దు.

అట్లాంటా అమ్మ
బే ఏరియా గారూ, చైల్డ్ లాక్ గురించి మీరు రాసింది చదివి ఎవరైనా ధైర్యంగా ఉంటారేమోనని భయమేసి రాస్తున్నాను. చైల్డ్ లాక్ లోపలి హ్యాండిల్ పనిచెయ్యకుండా చేస్తుంది, అంతే. లాచ్ కొక్కేన్ని పట్టుకోకపోతే చైల్డ్ లాక్ ఉన్నా లేకపోయినా ఒకటే. పవర్ స్విచ్ సంగతీ అంతే, మోటారు ఆగుతుంది గానీ పట్టని లాచ్ పట్టదు.

మాకు జరిగింది చెప్తాను, ఏ కంపెనీ బండో రాయను. రెండేళ్ళ క్రితం హైవే దిగే మలుపులో ఉన్నాం, మహా అయితే గంటకి ముప్పై మైళ్ళు. వెనకనుంచి ఒక్కసారిగా గాలి హోరు, తిరిగి చూస్తే తలుపు జానెడు తెరుచుకుని మెల్లగా వెనక్కి జరుగుతోంది. మా పాప బెల్టులోనే ఉంది, నిజమే, పడలేదు. కానీ దాని ఒక బూటు, నీళ్ళ సీసా రోడ్డు మీద పడ్డాయి, వెనకొచ్చే కారు ఆయన బ్రేక్ కొట్టాడు. పాప ఆ తర్వాత మూడు నెలలు ఆ వైపు కూర్చోనంది. "నడుస్తుంటే తలుపు తీస్తావా అమ్మా" అని రోజూ అడిగేది. ఎన్ని బళ్ళకి అవుతుందన్న లెక్క నాకు వద్దు, నా బండికి అయింది.

ఫ్రిస్కో నాన్న గారూ, మీరు 380 కట్టకండి, ఊరికే ఆగకండి కూడా. డీలర్‌తో ఫోన్లో మాట్లాడితే ఏ ఆధారమూ మిగలదు. బండి తీసుకెళ్ళి చూపించండి. బొమ్మ ఆరడం లేదని రిపేర్ ఆర్డర్‌లో రాయించి, తేదీతో కాపీ తీసుకోండి. ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కేసు నంబర్ అడగండి, పార్ట్ వచ్చేదాకా వేరే బండి ఇమ్మని అడగండి. ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, కానీ తలుపు నిజంగా పట్టడం లేదని డీలరే రాసిచ్చిన కాగితం ఉంటే వాళ్ళు కాదనడం కష్టం. నాకు రెండోసారి ఫోన్ చేశాక ఇచ్చారు.

న్యూజెర్సీ డెలివరీ
అమ్మా, మీరు చెప్పింది సొంత బండి ఉన్నవాళ్ళకి బాగానే ఉంది. నాది కార్గో వ్యాన్, రోజుకి నూట ఇరవై ప్యాకెట్లు, స్లైడింగ్ డోర్ రోజుకి వందసార్లకు పైగా తీసి వేస్తాను. లోనర్‌గా (రిపేరయ్యేదాకా వాడుకోమని ఇచ్చే బండి) చిన్న కారు ఇచ్చారు, దాంట్లో సరుకు పెట్టేదెక్కడ? వారం ఆగితే ఆ వారం జీతం లేదు. నేను బయట మెకానిక్ దగ్గర 290 కట్టి వేయించాను, నాలుగు నెలలైంది, బాగానే పడుతోంది. తప్పు చేశానని అనుకోవడం లేదు.

ఆటోనగర్ నుంచి హ్యూస్టన్
నీ పరిస్థితి అర్థమైంది తమ్ముడూ, నీ చోట నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. కానీ రీకాల్ పార్ట్ వచ్చిన రోజు వెళ్ళి దాన్నీ వేయించుకో, బాగానే ఉంది కదా అని వదిలెయ్యకు. రీకాల్ పని ఉచితం. మొదటిసారి బండి అమ్మిన నాటి నుంచి 15 ఏళ్ళ లోపు రీకాల్ వస్తే రూపాయి తీసుకోకూడదు, ఇప్పుడు నువ్వు ఎన్నో యజమానివైనా సరే. నీ తలుపు ఊడితే నీ సరుకే పోదు, పక్కన సైకిల్ మీద వెళ్ళేవాడికి తగులుతుంది.

ఫ్రిస్కో నాన్న
అందరికీ థ్యాంక్స్. రెండు సందేహాలు. ఇప్పుడు 380 కట్టి, తర్వాత బిల్లు పంపితే కంపెనీ తిరిగి ఇవ్వదా? ఇంకోటి, ఎనిమిది వారాలన్నది పదహారు అయితే ఏం చెయ్యాలి?

అట్లాంటా అమ్మ
రీకాల్ రాకముందు సొంత డబ్బుతో అదే రిపేరు చేయించుకున్నవాళ్ళకి తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది, ఎలా అడగాలో మీ ఉత్తరంలోనే రాసి ఉంటుంది, చూడండి. ఉత్తరం చేతికి వచ్చాక బయట చేయించుకుంటే ఇస్తారన్న నమ్మకం పెట్టుకోకండి. ఉచిత రిపేరు ఎప్పటి నుంచి దొరుకుతుందో ఆ తేదీ కూడా ఉత్తరంలో ఉండాలి. పార్టులు సిద్ధం కాకపోతే ముందు ఒక ఉత్తరం, సిద్ధమయ్యాక ఇంకో ఉత్తరం పంపుతారు. మీకొచ్చింది మొదటిదో రెండోదో చూసుకోండి. రిపేరుకి బండి అప్పగించాక 60 రోజుల్లో సరిగ్గా బాగుచెయ్యకపోతే, న్యాయంగా పట్టాల్సిన సమయం దాటిందనడానికి అదే సాక్ష్యమని ఫెడరల్ చట్టం అంటుంది. అప్పుడు బండి మార్చి ఇవ్వడమో, తరుగు తీసేసి డబ్బు వెనక్కి ఇవ్వడమో చెయ్యాలి. రిపేర్ ఆర్డర్ మీద తేదీ ఉండాలని మొత్తుకునేది అందుకే. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (బళ్ళ భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్లో ఫిర్యాదు కూడా పెట్టండి, పది నిమిషాల పని.

కరీంనగర్ మాస్టారు
మా వైపు మాట కూడా ఒకటి చెప్తాను. ఇక్కడ 2012 నుంచి కంపెనీలు తమంతట తామే పిలిచే పద్ధతి ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ పెట్టారు, 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే రీకాల్ చెయ్యమని ఆదేశించవచ్చు, ఏడేళ్ళ లోపు బళ్ళకి. కానీ ఉత్తరం వచ్చినా పట్టించుకునేవాళ్ళు తక్కువ. స్కూలు వ్యాన్ తలుపుకి నైలాన్ తాడు కట్టి నడిపినవాణ్ణి నా కళ్ళారా చూశాను. తాడు కడితే ప్రమాదంలో పిల్లలు బయటికి రాలేరు, ఆ ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

బే ఏరియా
చైల్డ్ లాక్ విషయంలో అట్లాంటా అమ్మ గారిదే రైట్, ఒప్పుకుంటున్నాను. సీటు మార్చమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, లోనర్ వచ్చేదాకా అదొక్కటే మన చేతిలో ఉన్నది.

ఫ్రిస్కో నాన్న
అప్‌డేట్. శనివారం పొద్దున ఎండ రాకముందు స్క్రూడ్రైవర్‌తో చూశాను, రెండు టక్‌లూ పడ్డాయి, వేలితో నెడితే కదల్లేదు. ఇంత గొడవ అనవసరమేమో అనిపించింది. మధ్యాహ్నం మూడింటికి, డ్రైవ్‌వేలో బండి కాలిపోతున్నప్పుడు, మా ఆవిడ మళ్ళీ చూడమంది. మొదటి టక్ పడింది, రెండోది పడలేదు, వేలు పెడితే పంగ మెత్తగా వెనక్కి వచ్చేసింది. ఫోన్లో వీడియో తీశాను.

సోమవారం ఆ వీడియో చూపించి రిపేర్ ఆర్డర్ రాయించాను. సర్వీస్ వాళ్ళు ముందు నార్మలే అన్నారు, మధ్యాహ్నం దాకా బండి ఎండలో ఉంచి చూడండి అంటే ఉంచారు, చూశాక వాళ్ళే రాసిచ్చారు. బండి అక్కడే వదిలేశాను. లోనర్ ఇంకా రాలేదు, కేసు నంబర్ వచ్చింది, బుధవారం చెప్తామన్నారు. అప్పటిదాకా మా బావమరిది కారులో డేకేర్‌కి దించుతున్నాం. మెకానిక్‌కి వద్దని చెప్పేశాను. ఆటోనగర్ అన్నా, కొత్త లాచ్ వేశాక అది నిజంగా మార్చారని నాకెలా తెలుస్తుంది?

ఆటోనగర్ నుంచి హ్యూస్టన్
మంచి ప్రశ్న. ఫోర్డ్ వాళ్ళు 2020లో అదే లాచ్‌ల కోసం దాదాపు 21 లక్షల బళ్ళని మళ్ళీ పిలిచారు, పాత రిపేరు సరిగ్గా జరగని బళ్ళు ఉండొచ్చని. లాచ్ మీద తయారైన తేదీ కోడ్ ఉంటుంది. మీ బండికి ఏ తేదీ తర్వాతది వెయ్యాలో సర్వీస్ వాళ్ళని అడుగు, పాత లాచ్ ఫొటో, కొత్త లాచ్ ఫొటో రెండూ కోడ్ కనపడేలా తీసి ఇమ్మను. బండి తీసుకునేటప్పుడు నీ స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళు, మధ్యాహ్నం పూటే వెళ్ళు.