ఉప్పు వేస్తే పాలిమర్ పొర ముందు ఉబ్బి, తర్వాత ముడుచుకుంటోంది. ఎందుకు?

తరమణి_కుర్రాడు:
చెన్నైలో పీహెచ్‌డీ రెండో ఏడు. సిలికాన్ ముక్క మీద పాలీయాక్రిలిక్ ఆమ్లం పొర అతికించాను. ఎండినప్పుడు 60 నానోమీటర్లు. పీహెచ్ 5 దగ్గర, ఉప్పు లేని నీళ్లలో ఎలిప్సోమీటర్ (కాంతితో పొర మందం కొలిచేది) 150 చూపింది. 10 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్‌లో 210. 1 మోలార్‌కి వచ్చేసరికి 130. ఉప్పంటే ముడుచుకోవాలి కదా, మధ్యలో ఈ ఉబ్బడమేంటి? మూడుసార్లు చేశాను, అదే వరస. పైగా ఒక నమూనా చచ్చిపోయింది, ఏం పోసినా 80 దాటట్లేదు. శుక్రవారం గ్రూప్ మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

మల్లేశ్వరం_అక్క:
కొలత తప్పేం కాదు తమ్ముడూ. అది బలహీన ఆమ్లం. పీహెచ్ 5లో కార్బాక్సిల్స్ (గొలుసు మీది ఆమ్ల గుంపులు) అన్నీ ప్రోటాన్ వదలవు, పక్కన రుణావేశం ఉంటే ఇంకోటి వదలడానికి మొరాయిస్తుంది. కాస్త సోడియం చేరితే ఆ వికర్షణ తగ్గి మరికొన్ని వదులుతాయి. లోపల ఆవేశం పెరిగింది, దాన్ని అంటిపెట్టుకున్న సోడియం పెరిగింది, వెనకే నీళ్లూ వచ్చాయి. ఉప్పు మరీ ఎక్కువైతే లోపలికీ బయటికీ అయాన్ల తేడా చెరిగిపోతుంది, ఇక నీటిని లాగేదేముంది? ఆవకాయ ముక్కలా ఉప్పు బయటే కూర్చుని నీళ్లు లాగుతోందనుకోకు, ఇక్కడ అది పొరలోకీ దూరుతుంది. పీహెచ్ 9లో చేసి చూడు, అక్కడ దాదాపు అన్నీ ముందే ప్రోటాన్ వదిలేసి ఉంటాయి కాబట్టి మధ్యలో ఉబ్బే ఆ గుట్ట దాదాపు పోవాలి.

అన్నట్టు 1 మోలార్ ఉప్పునీటి వక్రీభవన గుణకం 1.333 కాదు, 1.343 దాకా ఉంటుంది. మందం లెక్కగట్టే మోడల్‌లో మార్చావా?

తరమణి_కుర్రాడు:
మార్చలేదక్కా...

బోరునీళ్ల_బాధితుడు:
ఆ చచ్చిన నమూనాని దేంతో కడిగావు?

తరమణి_కుర్రాడు:
శుద్ధినీటి యూనిట్ ఆ రోజు ఆగిపోయింది. కుళాయి నీళ్లే అన్నా.

బోరునీళ్ల_బాధితుడు:
అనుకున్నా. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది చూశావుగా, ఆ కాల్షియమే. ఒక్కో అయాన్ రెండేసి కార్బాక్సిల్స్‌ని పట్టి ముడేస్తుంది, మామూలుగా సోడియం పోస్తే తేలిగ్గా వదలదు. ఈడీటీఏలో (కాల్షియాన్ని పట్టి లాగేసే రసాయనం) నానబెట్టి చూడు. నాకూ ఇలాగే రెండు వారాలు పోయాయి, గైడ్‌కి మాత్రం చెప్పలేదు.

తరమణి_కుర్రాడు:
ఈడీటీఏలో రాత్రంతా ఉంచి, శుద్ధమైన నీళ్లతో కడిగితే 145కి వచ్చింది! పీహెచ్ 9లో గుట్ట కూడా పోయింది. గుణకం మార్చాక 130 కొంచెం కదిలింది గానీ వరస అదే. ఇక మీటింగ్‌లో కుళాయి సంగతి చెప్పాలా వద్దా అన్నదే మిగిలింది.