కట్టుబాటు, వెసులుబాటు: ‘స్లాక్’కు తెలుగు మాట

ఉన్న వనరులతో అన్నిటికంటే మేలైన ఫలితం రాబట్టే లెక్కల శాస్త్రం ఆపరేషన్స్ రిసెర్చ్. దాని పాఠాలను డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగులో రాస్తున్న మన బృంద సభ్యురాలొకరు ‘కన్‌స్ట్రెయింట్’ (లెక్కలో పాటించి తీరవలసిన షరతు), ‘స్లాక్’ (హద్దు లోపల వాడకుండా ఉండిపోయినది) అనే మాటలకు తెలుగు ఏమిటని అడిగారు. మొదటి మాటకు అవరోధం, పరిమితి, నిబంధన అనీ, రెండవదానికి శిథిలత, మిగులు అనీ సూచనలు వచ్చాయి. ఈ రెండింటినీ విడివిడిగా వెతకడం వల్లనే చిక్కు వస్తోందని నాకు అనిపిస్తోంది. ఆ శాస్త్రంలో ఇవి జంట పదాలు. మొదటిది లేనిదే రెండవదానికి అర్థం లేదు. అలాంటి జంట మన వాడుకలో తయారుగా ఉంది: కట్టుబాటు, వెసులుబాటు.

కారణం చెప్పే ముందు ఒక లారీని ఎదురుగా పెట్టుకుందాం. దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి ఒకే లారీలో వెళ్లాలి. పసుపు బస్తా 50 కిలోలు తూగుతుంది. మిర్చి టిక్కీ (మిర్చి బస్తా) 40 కిలోలే తూగినా మూడు పసుపు బస్తాల చోటు తింటుంది. లారీ 10,000 కిలోలకు మించి మోయరాదు. బాడీలో 420 పసుపు బస్తాలు పట్టేంత చోటు ఉంది. లారీకి సరుకెత్తే హమాలీల ముఠా ఆ పూటకు రెండూ కలిపి 240 కంటే ఎక్కువ ఎత్తే స్థితిలో లేదు. కిరాయి పసుపు బస్తాకు 24 రూపాయలు, టిక్కీకి 50 రూపాయలు. ఇవి లెక్క సుళువుగా తెగడానికి నేను వేసుకున్న అంకెలే కాని, బరువుకూ చోటుకూ మధ్య ఈ పోటీ మాత్రం యార్డులో రోజూ కనిపించేదే.

అంతా పసుపే ఎక్కిస్తే 200 బస్తాల దగ్గర బరువు నిండిపోతుంది, సగం బాడీ ఖాళీగా ఉండగానే లారీ కదలాలి; కిరాయి 4,800 రూపాయలు. అంతా మిర్చే ఎక్కిస్తే 140 టిక్కీల దగ్గర చోటు నిండిపోతుంది, బరువు మాత్రం 5,600 కిలోల దగ్గరే ఆగుతుంది. కిరాయి 7,000 రూపాయలు. 120 బస్తాల పసుపు, 100 టిక్కీల మిర్చి కలిపి ఎక్కిస్తే బరువు సరిగ్గా 10,000 కిలోలు, చోటు సరిగ్గా 420, కిరాయి 7,880 రూపాయలు వస్తాయి. ఇంతకు మించి ఏ కలయికతోనూ రాదు. ముఠా ఎత్తినవి 220. ఇంకా 20 ఎత్తగల సత్తా వాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఇక్కడ బరువు, చోటు, ముఠా అనేవి మూడు కట్టుబాట్లు. ముఠా విషయంలో ఉండిపోయిన ఆ 20 వెసులుబాటు. తక్కిన రెండింటిలో వెసులుబాటు సున్న. ఈ మాటను నేను నిఘంటువులో వెతికి తీసుకోలేదు. కొన్నేళ్ల క్రితం ఒక యార్డులో లారీకి సరుకెత్తడం చూస్తూ నిలుచున్నప్పుడు, ఇంకా ఎన్ని పడతాయని గుమాస్తా అడిగితే, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటున్న ముఠా మేస్త్రీ, “మనుషులకేమండీ, వెసులుబాటుంది. బండిలోనే చోటు లేదు” అన్నాడు. ఏ కట్టుబాటు బిగిసిందో, ఏది బిగియలేదో ఒక్క ఊపిరిలో చెప్పిన ఆ వాక్యాన్ని పాఠ్యపుస్తకంలో యథాతథంగా పెట్టవచ్చు.

ఇప్పుడు ‘అవరోధం’ ఎందుకు కుదరదో చెబుతాను. అవరోధం అంటే దారికి అడ్డం పడేది, తొలగించుకోవలసినది. లారీ బాడీకి కొలత ఉండటం అవరోధం కాదు. ఆ కొలత లేకపోతే అసలు లెక్కే లేదు. ‘పరిమితి’ చాలా చోట్ల సరిపోతుంది కాని, ‘గోడౌన్లోకి వచ్చినంతా బయటికి పోవాలి’ అనే సమీకరణాన్ని పరిమితి అనలేము. ‘నిబంధన’ ఒకరు విధించేది. కట్టుబాటు మూడు రకాల షరతులనూ తనలో పట్టుకుంటుంది: పై హద్దుకూ కట్టుబడతాం, కింది హద్దుకూ కట్టుబడతాం, సమానంగా ఉండాలంటే దానికీ కట్టుబడతాం. కులకట్టుబాట్ల వాసన ఆ మాటకు అంటుకుని ఉందని ఒక మిత్రుడు ఆక్షేపించారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ‘మాటకు కట్టుబడి ఉన్నాను’ అన్నప్పుడు ఆ వాసన రాదు కదా, లెక్కలోకి వచ్చాక ఇక్కడా రాదని నా నమ్మకం.

వ్యాకరణపరంగా కూడా ఈ మాటలు ఒక ఇంటివే. పడు ధాతువు నామమైతే పాటు అవుతుంది, చెడు చేటు అయినట్లు. ఏర్పడు ఏర్పాటు, పొరపడు పొరపాటు, అలవడు అలవాటు, తడబడు తడబాటు, కట్టుబడు కట్టుబాటు. మొదటి పకారం కొన్నిచోట్ల నిలిచింది, కొన్నిచోట్ల బకారమో వకారమో అయింది. ఈ వరుస జనం నాలుక మీద ఎంత బలంగా స్థిరపడిందంటే, ‘సర్దుబాటు’, ‘దిద్దుబాటు’ వంటివి కూడా అదే అచ్చులో పుట్టుకొచ్చాయి. ఎడబాటును మాత్రం ఈ కుటుంబంలో చేర్చకూడదు. అది ఎడబాయు నుంచి వచ్చింది, అందులోని పాయు వేరే ధాతువు.

ఈ కుటుంబం నుంచే ‘ఆప్టిమైజేషన్’కు, అంటే అన్నిటికంటే మేలైన ఫలితాన్ని సాధించడానికి, ‘గిట్టుబాటు’ను తీసుకోవచ్చని వచ్చిన సూచనను నేను ఒప్పుకోలేను. గిట్టడం అంటే సరిపడటం. రైతు గిట్టుబాటు ధర అడిగినప్పుడు లోకంలోకెల్లా ఎక్కువ ధర అడగడం లేదు. ఖర్చులు పోను బతకగలిగే ధర అడుగుతున్నాడు. అది ఒక గడప. దాన్ని దాటితే చాలు. మన లారీలో 7,000 రూపాయలకు కూడా కిరాయి గిట్టవచ్చు, అయినా అది ఉత్తమం కాదు. అమెరికన్ అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1950ల్లో చెప్పినది సరిగ్గా ఈ భేదమే: మనుషులూ సంస్థలూ నిజజీవితంలో అత్యుత్తమాన్ని వెతకరు, తాము గీసుకున్న గడపను దాటిన మొదటి మార్గం దగ్గర ఆగుతారు అన్నాడు. దానికి ఆయన వాడిన ‘సాటిస్‌ఫైసింగ్’ అనే మాటకు ‘గిట్టుబాటు చూసుకోవడం’ అనే తెలుగు అతికినట్లు సరిపోతుంది. ఆప్టిమైజేషన్‌ను నేనైతే ‘ఉత్తమ సాధన’ అంటాను. అర్థశాస్త్రంలో ‘అభిలషణీయ జనాభా సిద్ధాంతం’ వల్ల ‘ఆప్టిమమ్’కు తెలుగుగా స్థిరపడిన ‘అభిలషణీయం’ ఇక్కడ పనికిరాదు. కోరుకోదగినదీ, కట్టుబాట్ల మధ్య సాధించగలిగినదీ ఒకటి కావు.

మన లారీ లెక్క వంటి వాటికి పేరైన ‘లీనియర్ ప్రోగ్రామింగ్’ గురించి కూడా ఆ సభ్యురాలు అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇందులోని ప్రోగ్రామింగ్‌కు కంప్యూటరుతో సంబంధం లేదు. అమెరికా వైమానిక దళానికి పనిచేస్తూ 1947లో ఇలాంటి లెక్కలను తెంచే సింప్లెక్స్ పద్ధతిని రూపొందించిన గణితవేత్త జార్జ్ డాన్‌జిగ్, శిక్షణ, సరఫరా, మోహరింపుల కోసం సైన్యం వేసుకునే ప్రణాళికలను సైనికుల వాడుకలోనే ప్రోగ్రాములు అన్నాడు. ఆయన పెట్టుకున్న పొడుగాటి పేరును 1948లో అర్థశాస్త్రవేత్త చాలింగ్ కూప్‌మన్స్ కుదించి ఇచ్చాడు. కనుక ‘ప్రణాళిక’ సరైన అనువాదం, ‘కార్యక్రమం’ కాదు. ఈ శాస్త్రం మనకు దూరపుదేమీ కాదు: భారతదేశంలో తొలి ఆపరేషన్స్ రిసెర్చ్ విభాగం 1949లో హైదరాబాదులోని రీజనల్ రిసెర్చ్ లేబొరేటరీలోనే ఏర్పడిందని ఈ విషయపు పాఠ్యపుస్తకాలు చాలావరకు తొలి అధ్యాయంలోనే చెబుతాయి.

మళ్లీ లారీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ జంట పదాల అసలు బలం అక్కడ తేలుతుంది. బాడీలో మరో 11 బస్తాల చోటు పెరిగిందనుకోండి. అప్పుడు 116 బస్తాల పసుపు, 105 టిక్కీలు ఎక్కుతాయి. కిరాయి 8,034 అవుతుంది. పెరిగింది 154 రూపాయలు, అంటే ఒక బస్తా చోటుకు 14 రూపాయలు. అలాగే బరువు హద్దు 10 కిలోలు పెరిగితే 2 రూపాయలు కలిసివస్తాయి. ముఠా మరో 50 ఎత్తగలిగినా కిరాయి పైసా పెరగదు, ఉన్న వెసులుబాటే వాడుకోలేదు కనుక. ఈ 14, 2, 0 అనేవే ఇంగ్లీషులో ‘షాడో ప్రైస్’లు. పది కిలోలకు 2 రూపాయల చొప్పున 10,000 కిలోలకు 2,000, బస్తా చోటుకు 14 చొప్పున 420కి 5,880. రెండూ కూడితే మొత్తం కిరాయి 7,880 పైసా తేడా లేకుండా వస్తుంది. ఈ శాస్త్రంలో నన్ను మొదట కట్టిపడేసినది ఈ కూడికే.

‘కాంప్లిమెంటరీ స్లాక్‌నెస్’ అనే భయంకరమైన పేరున్న సిద్ధాంతంలోని సారమంతా ఇప్పుడు ఒక తెలుగు వాక్యంలో పడుతుంది: వెసులుబాటున్న కట్టుబాటుకు వెల లేదు. దీన్ని తిరగేయకూడదని విద్యార్థికి చెప్పాలి. వెల సున్న అయినంత మాత్రాన వెసులుబాటు ఉండి తీరాలని లేదు; అరుదుగా రెండూ సున్న కావచ్చు.

ఆ వెలకు ‘నీడ ధర’ అనే మక్కికి మక్కి అనువాదం వద్దు. ‘కట్టుబాటు వెల’ అంటే చాలు. ఇదే విషయాన్ని డాన్‌జిగ్ కంటే ముందే, 1939లో, లెనిన్‌గ్రాడులో ప్లైవుడ్ పరిశ్రమ అడిగిన లెక్కలోంచి సోవియట్ గణితవేత్త లియొనిద్ కాంటొరోవిచ్ తవ్వి తీశాడు. ధర అనే మాటకు సోవియట్ సిద్ధాంతంలో శ్రమ విలువతో ముడి ఉండేది. అందుకని ఆ మాట వాడకుండా ఆయన వీటిని ‘పరిష్కార గుణకాలు’ అన్నాడు, చాలా ఏళ్ల తర్వాత ‘వాస్తవ నిర్ణీత విలువలు’ అన్నాడు. 1975లో కూప్‌మన్స్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకునే నాటికి ఆ పేర్ల వెనక దాగినది వెలే అని అందరికీ తెలుసు. పేరు పెట్టడం ఎంత బరువైన పనో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చేర్పు, వచ్చిన వ్యాఖ్యలు చూశాక:

పత్రికల్లో ‘పన్ను చెల్లింపుదారులకు వెసులుబాటు’ అంటే నియమాన్ని సడలించడమే కదా, హద్దు లోపల ఉండిపోయిన ఖాళీ కాదు కదా అని ఒకరు అడిగారు. ఇది నిజమైన ఆక్షేపణ. అయితే ఆ రెండవ అర్థానికి మనకు వేరే మాట ఉంది: 2020 లాక్‌డౌన్ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపించిన ‘సడలింపు’. శాస్త్రంలో కూడా ‘రిలాక్సేషన్’ అనే వేరు భావన ఉంది. కష్టమైన కట్టుబాటును తాత్కాలికంగా సడలించి, సుళువైన లెక్కను ముందు చేసుకోవడం అది. కట్టుబాటు చెక్కుచెదరకుండా ఉండగా దాని లోపల మిగిలే చోటు వెసులుబాటు, కట్టుబాటునే జరపడం సడలింపు అని విడదీస్తే రెండు మాటలకూ న్యాయం జరుగుతుంది.

‘మిగులు’ను నేను తోసిపుచ్చడం లేదు. అది కింది హద్దులకు కావాలి. అమెరికన్ అర్థశాస్త్రవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో ప్రకటించిన ఆహార లెక్కలో 77 పదార్థాల నుంచి తొమ్మిది పోషకాల కనీస అవసరాలు తీరాలి, ఖర్చు కనిష్ఠం కావాలి. దాని ఉత్తమ సాధనలో ప్రొటీన్ రోజుకు 70 గ్రాములు కావలసి ఉండగా సుమారు 147 గ్రాములు అందుతుంది. ఎవరూ దాన్ని వెసులుబాటు అనరు, అది మిగులు. ఇంగ్లీషు కూడా ఇక్కడ ‘సర్‌ప్లస్’ అని మాట మారుస్తుంది.

చివరిగా, ‘వెల లేదు’ అన్న నా వాక్యాన్ని ఒక పెద్దాయన పట్టుకున్నారు. తెలుగులో ‘వెలలేని’ అంటే అమూల్యమని అర్థం, సున్న అని కాదు. పైగా ముఠా శ్రమకు విలువ లేదన్న తప్పు ధ్వని కూడా వస్తుందన్నారు. రెండూ నిజమే. లెక్కలో సున్న అయినది ముఠా శ్రమ కాదు. ఆ పూట ఆ లారీకి అదనంగా మరో బస్తా ఎత్తగల సత్తా మాత్రమే. వాక్యాన్ని ఇలా మార్చుకుంటున్నాను, పాఠంలో కూడా ఇలాగే వేయమని ప్రశ్న అడిగిన సభ్యురాలికి మనవి: “వెసులుబాటున్న కట్టుబాటును ఇంకొంచెం జరిపితే కలిసివచ్చేది సున్న.”