గంటలో పనిచేసే లేహ్యం: నమ్మొచ్చా?

మాంబళం_వాసి:
చెన్నైలో ఓ నాట్టు మరుందు (నాటు మందుల) కొట్లో 'మగతనానికి' అని లేహ్యం అమ్ముతున్నారు. డబ్బా మీద అముక్కరా, పూనైక్కాలి, నెరుంజి అని తమిళంలో ఉంది. తిన్న గంటలో తేడా తెలుస్తుందంటున్నాడు కొట్టాయన. ఇవి తెలుగులో ఏవి, నిజంగా పనిచేస్తాయా? తినబోయే మనిషికి 52 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటారు.

మూలికల_సంచి:
అముక్కరా మన అశ్వగంధ, పెన్నేరు గడ్డ. పూనైక్కాలి దూలగొండి గింజ. నెరుంజి పల్లేరు కాయ. మూడూ వాజీకరణంలో, అంటే మగతనానికి ఇచ్చే ఆయుర్వేద వైద్యంలో, పాతకాపులే.

అశ్వగంధ పొడి రాత్రి అర చెంచా, అంటే రెండు మూడు గ్రాములు, గోరువెచ్చని పాలతో తీసుకుంటారు. దాని లెక్క వారాల్లో ఉంటుంది, గంటల్లో కాదు. ఒత్తిడి తగ్గి నిద్ర పడితే కోరిక కొంత తిరిగొస్తుంది, అంతవరకే. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లూ, లివర్ బాగోనివాళ్లూ ముట్టుకోకూడదు.

దూలగొండిలో ఎల్-డోపా ఉంటుంది, పార్కిన్సన్స్ జబ్బుకి ఇచ్చే మందే. గింజల్ని పాలల్లో ఉడికించి, తొక్క ఒలిచి, ఎండబెట్టి పొడి కొడతారు. ఇంత చేసినా ఎల్-డోపా పూర్తిగా పోదు. మోతాదు మించితే వాంతులు, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం. పల్లేరుకి పేరే ఎక్కువ.

మందుల_షాపు:
గంటలో పనిచేసిందంటే వేరు మహిమ కాదండీ, అందులో సిల్డెనాఫిల్ కలిపారేమో అనుకోవాలి. వయాగ్రాలోని మందే అది. ముఖం వేడెక్కి ఎర్రబడటం, తలనొప్పి, ముక్కు దిబ్బడ, ఒక్కోసారి చూపులో నీలం ఛాయ: ఇవి దాని గుర్తులు. మాత్రయితే 50 మి.గ్రా. అని తెలుస్తుంది. లేహ్యంలో పై చెంచాలో ఏమీ లేకపోవచ్చు, అడుగు చెంచాలో రెండు మాత్రలంత ఉండొచ్చు.

గుండెనొప్పికి సార్బిట్రేట్ కూడా వాడుతున్నారా? వాడితే ఆ డబ్బా మూతే తీయొద్దు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

పల్లేరు_బాట:
మునక్కాడని వదిలేశారే! 1983లో భాగ్యరాజ్ 'ముందానై ముడిచ్చు' సినిమా దాన్ని మగతనానికి ముడిపెట్టినప్పట్నుంచీ తమిళనాట దాని పేరెత్తితే నవ్వులే. సాంబార్‌లో మాత్రం అది మంచి కూరగాయ, అంతే. జాజికాయ చిటికెడు దాటొద్దు; ఐదు గ్రాములకే గుండెదడ, నోరెండటం, లేనివి కనబడటం. ఇదే పనికని అమ్మే సాండా నూనె ఎడారి బల్లి కొవ్వు. పని సున్నా, పైగా వన్యప్రాణి చట్టం కింద కేసు.

52 ఏళ్లకి ముందు చూడాల్సింది షుగర్. అంగానికి రక్తం తెచ్చే నాళం 1-2 మి.మీ., గుండెది 3-4. పూడిక సన్నదాన్నే ముందు మూస్తుంది, గుండె వంతు తర్వాత. అందుకే పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్ చేయించండి. బీపీ మాత్ర ఏదో కూడా చూడండి. అటెనొలాల్ లాంటివి కొందరికి ఈ ఇబ్బంది తెస్తాయి. సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌ని అడిగితే మారుస్తారు.

మాంబళం_వాసి:
డబ్బా మీద లైసెన్స్ నంబరూ లేదు, బ్యాచ్ నంబరూ లేదు. మందుల చీటీలో సార్బిట్రేట్ లేదు గానీ అటెనొలాల్ 50 ఉంది.

మందుల_షాపు:
అయితే డబ్బా అక్కడే వదిలేసి, చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్లమనండి.